స్విచ్ స్పోర్ట్స్ టెన్నిస్: గది సర్దడం నుంచి సర్వీసు దాకా

నింటెండో కంపెనీ గేమ్ యంత్రం స్విచ్ మీద, చెయ్యి ఊపి ఆడే ఆట స్విచ్ స్పోర్ట్స్. అందులో టెన్నిస్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ బంతి కనపడగానే భుజం బలమంతా పెట్టి చెయ్యి విసురుతారు. అరగంటకి చెయ్యి లాగుతుంది, పాయింట్లు మాత్రం రావు. ఈ ఆటలో బంతి ఎటు వెళ్లాలో ప్రధానంగా తేల్చేది మీరు ఊపిన క్షణం. ఆ క్షణం సరిగ్గా కుదరాలంటే చెయ్యి నిదానంగా ఉండాలి, టీవీ బొమ్మని ఆలస్యం చేయకూడదు, చుట్టూ తగిలే వస్తువులు ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే పదేళ్ల పిల్లాడూ డెబ్బై ఏళ్ల తాతయ్యా సమానంగా ఆడగలరు.

ముందుగా చూసుకోవాల్సినవి

2022 ఏప్రిల్ 29న వచ్చిన ఈ ఆటని టీవీకి కలిపి ఆడొచ్చు, లేదా స్విచ్‌ని బల్ల మీద నిలబెట్టి ఆడొచ్చు. రెండు చేతుల్లో పట్టుకుని ఆడే పద్ధతిలో ఇది నడవదు. రెండు చేతులతో పట్టుకునే ప్రో కంట్రోలర్ కూడా పనికిరాదు, స్విచ్‌కి రెండు పక్కలా తగిలించే చిన్న కంట్రోలర్లు జాయ్‌కాన్‌లే కావాలి. ఒక్కొక్కరికి ఒక్క జాయ్‌కాన్ చాలు కాబట్టి స్విచ్‌తో వచ్చే జతతోనే ఇద్దరు ఆడొచ్చు. నలుగురికైతే ఇంకో జత కొనాలి. స్విచ్‌లో చిన్న రకమైన స్విచ్ లైట్ ఉన్నవాళ్లు జాయ్‌కాన్‌లు విడిగా తీసుకోవాలి. దానికి టీవీ కనెక్షన్ లేదు కాబట్టి ఆ చిన్న తెరనే ఎదురుగా నిలబెట్టుకోవాలి. అలా టెన్నిస్ ఆడటం కళ్లకి శ్రమ.

మన దగ్గర చాలామంది స్విచ్‌ని విదేశాల నుంచి తెప్పించుకుంటారు. అసలు అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్నులు సరిపడే కన్వర్టర్ గట్టిది ఒకటి చాలు. ఆ అడాప్టర్ పోతే దాని బదులు ఫోన్ ఛార్జర్ పెడితే కుదరదు. టీవీ మీద బొమ్మ రావాలంటే డాక్‌కి, అంటే స్విచ్‌ని నిలబెట్టి టీవీకి కలిపే పెట్టెకి, 15 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు అందాలి. మామూలు ఫోన్ ఛార్జర్‌తో స్విచ్ ఛార్జ్ అవుతుంది గానీ టీవీ మీద ఏమీ కనపడదు. డాక్ పాడైందని కంగారుపడేముందు అడాప్టర్ మీద అచ్చువేసిన అంకెలు చదవండి.

జాయ్‌కాన్ బ్యాటరీ ఒకసారి నిండితే దాదాపు 20 గంటలు వస్తుంది, నిండటానికి మూడున్నర గంటలు పడుతుంది. ఆట అయ్యాక వాటిని స్విచ్‌కి తగిలించి డాక్‌లో వదిలేసే అలవాటు పెట్టుకుంటే మళ్లీ ఛార్జింగ్ గురించి ఆలోచించాల్సిన పని ఉండదు.

గది

టీవీకీ మీకూ మధ్య ఆరడుగుల దూరం ఉంచండి. టీపాయ్ జరపండి. నిలబడాల్సిన చోట నిలబడి, చేతులు చాచి, నెమ్మదిగా చుట్టూ ఒకసారి తిరగండి. వేలి చివర నుంచి ఇంకో మూరెడు దూరం దాకా ఏమీ ఉండకూడదు. పక్కలు అందరూ చూసుకుంటారు, పైన ఏముందో మాత్రం మర్చిపోతారు. టెన్నిస్‌లో పాయింటు మొదలుపెట్టే సర్వీసుకీ, ఎత్తుగా వచ్చిన బంతిని అణిచికొట్టే స్మాష్‌కీ చెయ్యి తలపైకి లేస్తుంది. మన ఇళ్లలో స్లాబు పది అడుగుల ఎత్తున ఉన్నా, ఫ్యాను రెక్కలు ఒక అడుగు, ఒకటిన్నర అడుగు కిందకి ఉంటాయి. ఉన్నచోటే నిలబడితే అందవు, ఊపులో ఎగిరితే పొడుగువాళ్ల చెయ్యి తగలొచ్చు. అటక ఇంకా ప్రమాదం, దాని అడుగు ఏడడుగుల దగ్గరే ఉంటుంది. అటక కిందా, వేలాడే లైటు కిందా, తిరిగే ఫ్యాను కిందా నిలబడి ఆడొద్దు. గాలి కావాలంటే టేబుల్ ఫ్యాను పక్కన పెట్టుకోండి.

ఆటలో మునిగిపోయాక తెలియకుండానే కాళ్లు టీవీ వైపు జరుగుతుంటాయి. మాటలతో ఎంత గుర్తుచేసినా ఆగదు. కాళ్ల కింద యోగా మ్యాట్ ఒకటి పరిస్తే, అంచు దాటగానే పాదానికి టైల్స్ చల్లగా తగిలి తెలిసిపోతుంది. సాక్సులతో టైల్స్ మీద ఆడితే జారిపడతారు, వట్టి కాళ్లే మేలు.

నిజానికి మీరు నిలబడ్డ చోటుతో ఆటకి పనే లేదు. జాయ్‌కాన్‌లో ఉన్నవి వేగంలో మార్పుని కొలిచే సెన్సరూ, ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచే జైరోస్కోపూ. మీరు ఎడమకి పరిగెత్తారా కుడికి పరిగెత్తారా అన్నది వాటికి తెలియదు. కోర్టులో పరుగంతా తెరమీది ఆటగాళ్ల బొమ్మలే చేస్తాయి. కాబట్టి గదిలో అటూ ఇటూ దూకాల్సిన అవసరం లేదు, అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటివాళ్ల నిద్రా పాడవదు. నిలబడలేని పెద్దవాళ్లు చేతులు లేని కుర్చీలో కూర్చుని ఆడినా ఫలితం ఒకటే.

మణికట్టు తాడు

తాడు లేకుండా ఒక్క పాయింటు కూడా ఆడకండి. చెమట పట్టిన చేతిలో నుంచి యాభై గ్రాముల జాయ్‌కాన్ జారితే నేరుగా పోయేది టీవీ తెర మీదకే. 2006లో నింటెండో పాత గేమ్ యంత్రం వీ (Wii) వచ్చిన కొత్తలో రిమోట్ తాళ్లు తెగి, ఆ డిసెంబరులోనే నింటెండో దాదాపు 32 లక్షల తాళ్లని మార్చి ఇవ్వాల్సి వచ్చింది.

తాడున్న పట్టీ మీద ప్లస్ గానీ మైనస్ గానీ గుర్తు ఉంటుంది. ప్లస్ బటన్ ఉన్న జాయ్‌కాన్‌కి ప్లస్ పట్టీ, మైనస్ బటన్ ఉన్నదానికి మైనస్ పట్టీ. పై నుంచి కిందకి తోసి, అడుగున ఉన్న లాక్ వెయ్యాలి. తిరగేసి తోస్తే పట్టీ ఇరుక్కుపోతుంది. అప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే గాడి విరుగుతుంది. లాక్ పూర్తిగా విప్పి, కొద్దికొద్దిగా కదుపుతూ వచ్చిన దారినే వెనక్కి లాగితే వస్తుంది. తాడు మణికట్టుకి వేసుకున్నాక బిగించే ముక్కని పైకి జరపండి. వదులుగా వేలాడే తాడు ఉన్నా లేనట్టే.

బజారులో దొరికే ప్లాస్టిక్ బ్యాట్ తొడుగులు పిల్లలకి ముచ్చటగా ఉంటాయి గానీ కొనకపోవడమే మంచిది. చెయ్యి పొడవు ఇంకో అడుగు పెరుగుతుంది, పక్కవాళ్ల ముఖానికి తగిలే అవకాశం పెరుగుతుంది, పైగా ఊపు మొదలయ్యాక ఆపడం కష్టమవుతుంది. ఈ ఆటకి ఆపగలగడమే ముఖ్యం, ఎందుకో కింద చూద్దాం.

టీవీ ఆలస్యం

ఆడేవాళ్లు తమ చేతిని తిట్టుకునే సందర్భాల్లో సగం తప్పు టీవీది. ఈ రోజుల్లో టీవీలు బొమ్మని నునుపుగా, రంగులుగా చూపడానికి ఒక్కో ఫ్రేమునీ దిద్ది మరీ వేస్తాయి. ఆ దిద్దుడుకి సమయం పడుతుంది. సెకనుకి 60 ఫ్రేములు అంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. టీవీ 100 మిల్లీసెకన్లు వెనకబడితే, తెరమీద బంతి బ్యాట్ దగ్గరికి వచ్చేసరికి ఆట లెక్కలో అది ఆరు ఫ్రేముల కిందటే వచ్చేసింది. మీరు సరిగ్గానే ఊపారు, ఆటకి మాత్రం ఆలస్యంగా ఊపినట్టు.

దీన్ని కనిపెట్టే గుర్తు ఒకటుంది. కుడిచేతి వాటం వాళ్ల ఫోర్‌హ్యాండ్, అంటే బ్యాట్ చేతి పక్కకి వచ్చిన బంతికి కొట్టే దెబ్బ, ఆలస్యమైతే కుడికి పోతుంది. కాబట్టి ఫోర్‌హ్యాండ్లు, ముందుగా ఊపామనుకున్నవి కూడా, వరసగా కుడివైపుకే పోతుంటే టీవీని అనుమానించండి. తేల్చుకోవడానికి స్విచ్‌ని డాక్‌లోంచి తీసి, బల్ల మీద నిలబెట్టి, దాని సొంత తెర మీదే ఒక గేమ్ ఆడండి. అక్కడ బంతి అనుకున్న వైపుకి పోతే మీ చేతిలో లోపం లేదు.

మందు సులువే. సామ్‌సంగ్‌లో గేమ్ మోడ్, ఎల్‌జీలో గేమ్ ఆప్టిమైజర్ లేదా గేమ్ పిక్చర్ మోడ్, సోనీలో గేమ్ పిక్చర్ మోడ్ పెట్టాలి. చాలా టీవీల్లో ఈ అమరిక ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి వేరువేరుగా ఉంటుంది కాబట్టి స్విచ్ ఉన్న పోర్టు తెరమీద నడుస్తుండగా మార్చండి. బొమ్మని నునుపు చేసే ఆటో మోషన్ ప్లస్, ట్రూమోషన్, మోషన్‌ఫ్లో లాంటివి ఆపెయ్యండి. రంగులు కాస్త పాలిపోయినట్టు అనిపిస్తాయి, రెండు రోజుల్లో అలవాటవుతుంది.

శబ్దం సంగతి కూడా చూసుకోండి. బంతి నేలకి తగిలిన చప్పుడు విని ఊపేవాళ్లకి సమయం త్వరగా కుదురుతుంది. ఆ చప్పుడు బ్లూటూత్ స్పీకర్‌లోంచి వస్తే బొమ్మకంటే వెనకబడుతుంది, చెవి మోసం చేస్తుంది. టీవీ సొంత స్పీకర్లు వాడండి. ఇంకొకటి: స్విచ్‌కి నేరుగా బ్లూటూత్ హెడ్‌ఫోన్ కలిపితే రెండుకి మించి వైర్‌లెస్ కంట్రోలర్లు కలవవు. నలుగురు ఆడుతుంటే మూడో జాయ్‌కాన్ పలక్కపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఊపు

జాయ్‌కాన్‌ని నిలువుగా, గరిటె పట్టుకున్నట్టు పట్టుకోండి. పిడికిలి బిగించొద్దు, చిటికెన వేలూ ఉంగరపు వేలూ గట్టిగా, మిగతావి వదులుగా ఉంటే మణికట్టు హాయిగా తిరుగుతుంది. మోచెయ్యి పక్కటెముకలకి దగ్గరగా, చెయ్యి బొడ్డు ఎత్తులో. ఇదే మీ సిద్ధ స్థితి. ప్రతి బంతి తర్వాతా చెయ్యి ఇక్కడికే రావాలి.

చెయ్యి ఎలా వెనక్కి తీసుకుంటారన్న దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. కొట్టేముందు బ్యాట్‌ని వెనక్కి తీసుకోవడం సహజం. అయితే వెనక్కి వేగంగా లాగితే సెన్సరు దాన్నే ఊపుగా లెక్కపెడుతుంది. తెరమీది ఆటగాడి బొమ్మ గాలిలో బ్యాట్ ఊపేస్తుంది, అసలు బంతి వచ్చేసరికి తేరుకోదు. తెరమీద చూసేవాళ్లకి "నేను కొట్టకముందే అదే కొట్టేసింది" అనిపిస్తుంది. కొట్టాక చేతిని ఝాడించి వెనక్కి తెచ్చినా ఇదే గొడవ. అందుకే వెనక్కి పోవడం నిదానం, ముందుకి రావడం చురుకు, మళ్లీ సిద్ధ స్థితికి నిదానం. ముందుకి వచ్చేటప్పుడు కూడా భుజం అక్కర్లేదు. మోచేతి కింది భాగం, మణికట్టు కలిసి ఒక అడుగు దూరం చురుగ్గా తిరిగితే చాలు. జైరోస్కోపు చూసేది తిరిగిన వేగాన్ని. బారెడు దూరం మెల్లగా తిప్పిన చేతికంటే జానెడు దూరం చురుగ్గా తిరిగిన మణికట్టే దానికి స్పష్టంగా కనపడుతుంది.

ఇక దిశ. కుడిచేతి వాటం ఆటగాడి ఫోర్‌హ్యాండ్ తీసుకుందాం. బంతి ఇంకా శరీరానికి ముందుండగా, అంటే కాస్త తొందరగా ఊపితే బంతి ఎడమకి పోతుంది. శరీరం పక్కకి వచ్చాక ఊపితే తిన్నగా పోతుంది. దాటబోతుండగా ఊపితే కుడికి పోతుంది. బ్యాక్‌హ్యాండ్‌కి, అంటే అవతలి పక్కకి వచ్చిన బంతికి కొట్టే దెబ్బకి, ఇది సరిగ్గా తలకిందులు: తొందరైతే కుడికి, ఆలస్యమైతే ఎడమకి. నిజం టెన్నిస్‌లో కూడా ఇలాగే జరుగుతుంది. బ్యాట్ ముందుకి తిరిగేకొద్దీ దాని ముఖం శరీరానికి అడ్డంగా మళ్లుతుంది కదా! ఎడమచేతి వాటం వాళ్లకి కుడి ఎడమలు మార్చి చదువుకోవాలి. ఆటలో కూడా ఏ చేత్తో ఆడుతున్నారో మొదటే సరిచేసుకోవాలి. అది మర్చిపోయి పిల్లలకి ఆట రాదనుకునే ఇళ్లు ఉంటాయి.

నేర్చుకునేటప్పుడు గెలుపు మాట పక్కనపెట్టి, ఒక గేమంతా ప్రతి బంతినీ ఎడమకే పంపాలని ఆడండి. తర్వాతి గేమంతా కుడికే. ఇలా అరగంట ఆడితే తొందర ఎంత, ఆలస్యం ఎంత అన్నది చేతికి పట్టుబడుతుంది. ఆ తర్వాతే రెండూ కలపండి. ఎదుటివాళ్లిద్దరూ ఒక పక్కకి లాగబడ్డాక ఖాళీ మూలకి బంతి వెయ్యడం అప్పటినుంచి వస్తుంది.

నెట్ దగ్గర ఒకరు, వెనక ఒకరు

ఇక్కడ ఆట డబుల్స్. 2015లో సానియా మీర్జా, మార్టినా హింగిస్ వింబుల్డన్ డబుల్స్ గెలవడం చూసినవాళ్లకి అమరిక తెలిసే ఉంటుంది: ఒకరు నెట్ దగ్గర, ఒకరు వెనక గీత దగ్గర. ఒక్కరే ఆడుతుంటే ఆ ఇద్దరినీ నడిపేది మీ ఒక్క చెయ్యే. ముందున్న బొమ్మ దగ్గరికి బంతి త్వరగా వచ్చేస్తుంది, వెనకున్న బొమ్మ దగ్గరికి నేలకి తగిలి నింపాదిగా వస్తుంది. కొత్తవాళ్లు కంగారులో ముందు బొమ్మకే ఊపి తప్పుతారు, ఆ కంగారులోనే వెనక బొమ్మకి కూడా తప్పుతారు. మొదట్లో వేగంగా వచ్చే బంతుల్ని ముందు బొమ్మకి వదిలెయ్యకుండా, చెయ్యి కదపకుండా నిలిపి, వెనక బొమ్మతో కొట్టండి. మెల్లగా, ఎత్తుగా వచ్చే బంతి దొరికినప్పుడే నెట్ దగ్గర దాన్ని కిందకి అణచండి. పాయింట్లు ఎక్కువగా వచ్చేది అక్కడే.

సర్వీసుకి జాయ్‌కాన్‌ని పైకి ఎగదోస్తే బంతి లేస్తుంది. అది లేచి, పైన ఒక క్షణం ఆగినట్టు కనపడి, దిగుతుంది. ఆగిన క్షణంలో చెయ్యి కిందకి విసిరితే సర్వీసు వేగంగా పోతుంది. పైకి ఎగదోసిన చేతిని వెంటనే దింపేస్తే బంతి ఇంకా లేస్తుండగానే కొట్టినట్టవుతుంది, అందుకే చెయ్యి పైనే ఉంచి "ఒకటి" అని మనసులో అనుకుని అప్పుడు కొట్టండి. ఎదుటివాళ్లు అలాంటి వేగం సర్వీసు చేస్తే మీ తిరుగుదెబ్బ మామూలుకంటే కాస్త ముందుగా మొదలవ్వాలి.

కింది నుంచి పైకి ఎత్తినట్టు ఊపితే లాబ్, అంటే బంతి నెట్ దగ్గరున్నవాళ్ల తలమీదుగా పోతుంది. మణికట్టుని పైకి మెలిపెడుతూ ఊపితే టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకి తిరుగుతూ పోతుంది. పై నుంచి కోసినట్టు ఊపితే స్లైస్, అంటే వెనక్కి తిరుగుతూ పోతుంది. దిశ మీద పట్టు వచ్చేదాకా ఈ మూడింటి జోలికి పోవద్దు. మెలిక మీద ధ్యాస పెడితే సమయం తప్పుతుంది.

లెక్క తెలియనివాళ్ల కోసం: పాయింట్లు 15, 30, 40, ఆపైన గేమ్. ఇద్దరికీ 40 అయితే డ్యూస్. అక్కడి నుంచి వరసగా రెండు పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే గేమ్.

ఇద్దరు పక్కపక్కన నిలబడితే

ఒకరి నడుము నుంచి ఇంకొకరి నడుముకి కనీసం ఆరడుగులు. ఒకరిది కుడిచేతి వాటం, ఇంకొకరిది ఎడమచేతి వాటం అయితే కుడివాటం వాళ్లు కుడిపక్కన, ఎడమవాటం వాళ్లు ఎడమపక్కన నిలబడాలి. అప్పుడు ఊపే చేతులు రెండూ బయటి వైపుకి ఉంటాయి. ఇద్దరిదీ కుడివాటమే అయితే ఒకరు ఇంకొకరికంటే రెండడుగులు వెనక నిలబడండి. చిన్నపిల్లలు ఆటని దగ్గరి నుంచి చూద్దామని మధ్యలోకి వచ్చేస్తారు. చూసేవాళ్లందరికీ సోఫా మీదే చోటు అని ముందే చెప్పండి.

జాయ్‌కాన్ మాట వినకపోతే

ఊపినా పలక్కపోవడం, ఉండుండి ఆగిపోవడం ఎక్కువగా బ్లూటూత్ అడ్డంకుల వల్ల వస్తుంది. డాక్‌ని టీవీ వెనక దాచితే లోహపు రేకు అడ్డొస్తుంది. దాన్ని ముందుకి, కనపడేలా పెట్టండి. ఇనుప అల్మారా, చేపల తొట్టె, వైఫై రౌటర్ పక్కన పెట్టొద్దు. యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్కు దగ్గర్లో ఉంటే దాన్నీ తీసెయ్యండి, అది కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పెడుతుంది.

బొమ్మ బ్యాట్ వంకరగా కదులుతుంటే సెన్సరు సరిచెయ్యాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్స్ అండ్ సెన్సర్స్, అందులో కాలిబ్రేట్ మోషన్ కంట్రోల్స్. జాయ్‌కాన్‌ని స్విచ్ నుంచి విప్పి, సమంగా ఉన్న బల్ల మీద పెట్టి, ప్లస్ లేదా మైనస్ బటన్ నొక్కిపట్టండి. మంచం మీదో సోఫా మీదో పెట్టి చేస్తే ఉన్న తప్పు ఇంకా పెరుగుతుంది. అక్కడే అప్‌డేట్ కంట్రోలర్స్ అన్నది కూడా ఒకసారి నొక్కండి. మీటకి డ్రిఫ్ట్ వచ్చిన, అంటే ముట్టుకోకపోయినా మీట కదిలినట్టు చూపే, పాత జాయ్‌కాన్ ఉంటే పారెయ్యకండి. ర్యాలీలో, అంటే బంతి అటూ ఇటూ పోతున్నంతసేపూ, మీటతో పని లేదు, టెన్నిస్‌కి అది చక్కగా పనికొస్తుంది.

భుజం

నిజం బ్యాట్ దాదాపు 300 గ్రాములు ఉంటుంది, బంతి తగిలినప్పుడు చేతిని ఆపుతుంది. జాయ్‌కాన్‌కి బరువూ లేదు, తగిలేదీ లేదు. విసిరిన చేతిని ఆపే భారమంతా భుజం వెనక కండరాల మీదే పడుతుంది. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వైద్యుడు తన కుడిభుజం నొప్పి గురించి రాస్తూ, వీ టెన్నిస్ గంటల తరబడి ఆడటం వల్ల వచ్చిన ఆ వాపుకి "వీఐటిస్" అని పేరు పెట్టాడు. కాబట్టి మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు భుజాలు గుండ్రంగా తిప్పండి, మణికట్లు తిప్పండి. మొదటి వారం రోజుకి 20 నిమిషాలు దాటొద్దు. తర్వాత కూడా గంటకోసారి 10–15 నిమిషాలు ఆపాలి, అలుపు లేకపోయినా. నొప్పి మొదలైతే ఆ రోజుకి ఆట చాలించండి. గేముకో చెయ్యి మార్చి ఆడటం కూడా మంచి అలవాటే, సెట్టింగ్‌లో చెయ్యి మార్చడం మర్చిపోకుండా.

ఇంట్లో పాత వీ ఉంటే

అటక మీది పాత వీ తీసి వీ స్పోర్ట్స్ ఆడాలనుకునేవాళ్లకి పైన చెప్పిన ఊపూ, దిశా, సర్వీసూ చాలావరకు అలాగే పనిచేస్తాయి. రిమోట్‌లో జైరోస్కోపు లేదు, 2009లో రిమోట్‌కి తగిలించడానికి వచ్చిన మోషన్‌ప్లస్ అనే పరికరంతో గానీ అది రాలేదు. అందుకే మెలికలు దానికి అంత బాగా తెలియవు. టీవీ మీద పెట్టే సెన్సర్ బార్ పోయినా దిగులుపడొద్దు. అది రెండు చివర్లా ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలే, మెనూలో గురి చూపడానికే కావాలి. అడుగు దూరంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా రిమోట్ గురి చూపుతుంది, పిల్లలు దగ్గర లేనప్పుడే అనుకోండి. ర్యాలీలో గురితో పనే లేదు. కొత్త టీవీలకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే చోటు ఉండటం లేదు, హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొనాలి. చవక కన్వర్టర్లలో కొన్ని సొంతంగా ఆలస్యం కలుపుతాయి. ఫోర్‌హ్యాండ్లన్నీ కుడికి పోతుంటే ముందుగా చూడాల్సింది దాన్నే. వీ స్పోర్ట్స్ ట్రైనింగ్‌లో గోడ మీద గురి కొట్టే ఆట ఉంది. తొందర, ఆలస్యం తేడా చేతికి పట్టించడానికి దాన్ని రోజూ పది నిమిషాలు ఆడండి.